కిట్టు కొనే ముందు ఇంజన్ వాటర్ జాకెట్టు చూడండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫొటోలు పెద్దవి చేసి చూశాను. తర్వాత చదివేవారికీ అర్థం కావాలి కాబట్టి విషయం ముందు క్లుప్తంగా చెప్తాను. సంగమేశ్వరం వైపు శ్రీశైలం వెనుక జలాల్లో తిరిగే ఇనుప రేకు పడవ మీది. అందులో ఉన్నది పొలాల్లో నీళ్ళు తోడడానికి వాడే రకం ఒంటి సిలిండరు డీజిల్ ఇంజన్. నీటితో చల్లబడుతుంది. 5 హెచ్‌పీ, 80 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వ్యాసం), 110 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 1500 ఆర్‌పీఎం. రెండేళ్ళ కిందట ఒక మెకానిక్ లైనరు (పిస్టన్ ఆడే గొట్టం), పిస్టన్, రింగుల కిట్టు మార్చాడు. ఇప్పుడు మళ్ళీ పొద్దున్నే హ్యాండిల్ ఎంత తిప్పినా అందుకోవడం లేదు, తెల్ల పొగ వస్తోంది, ఆయిల్ మజ్జిగలా తయారైంది. ఇంజన్ దించి ఇంటికి తెచ్చుకున్నారు. ఈసారి మీరే విప్పి, కొత్త కిట్టు వేసి, కొత్తదానిలా రంగు వేయాలనుకుంటున్నారు. ఏ కిట్టు కొనాలి, ఏ రంగు వేయాలి అని అడిగారు.

కర్నూలులో 31 ఏళ్ళుగా ఆయిల్ ఇంజన్లు విప్పి కట్టడమే నా పని. మీరే విప్పుకోవచ్చు, అందులో నాకు అనుమానం లేదు. ఒంటి సిలిండరు ఇంజన్‌లో ఇంట్లో చేయలేని పనులు మూడో నాలుగో ఉంటాయి, మిగతావన్నీ ఓపిక ఉన్నవాళ్ళు చేయగలిగేవే. కానీ కిట్టు సంగతి కాసేపు పక్కన పెట్టండి. రెండేళ్ళలో కిట్టు పోయిందంటే తప్పు కిట్టులో ఉండే అవకాశం తక్కువ. కారణం కనిపెట్టకుండా ఇంకో కిట్టు వేస్తే అదీ అదే దారిన పోతుంది. పడవ ఇంజన్ పొలంలో ఇంజన్ లాంటిది కాదు. పొలంలో ఆగిపోతే మడి ఎండుతుంది. ఆషాఢపు గాలిలో, మనుషులు కూర్చున్న పడవలో, నీళ్ళ మధ్య ఆగిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

హెడ్ (సిలిండరు పై మూత) బోల్టు ఒక్కటి కూడా విప్పక ముందే చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. ఆయిల్‌లోకి నీళ్ళు ఏ దారిన వచ్చాయో ఇంజన్ చెప్పగలిగేది కూడి ఉన్నప్పుడే. విప్పేశాక ఆ సాక్ష్యం పోతుంది. పాత ఆయిల్ దించేసి, క్రాంక్‌కేసు (ఆయిల్ ఉండే అడుగు పెట్టె) పక్క తలుపు తీయండి. లోపలంతా గుడ్డతో తుడిచి, లైనరు కింద తెల్ల కాగితం పరచండి. వాటర్ జాకెట్టు, అంటే లైనరు చుట్టూ నీళ్ళు తిరిగే గూడు, దాని నిండా నీళ్ళు పోసి, బయటికి పోయే దారికి రబ్బరు బిరడా కట్టి, లోపలికి వచ్చే దారిలో సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, సైకిల్ పంపుతో గాలి కొట్టండి. ఒక బారు, అంటే చక్రంలో గాలి కొలిచే మీటరు మీద 15 చూపిస్తే చాలు, అంతకు మించవద్దు. ఇప్పుడు టార్చి వేసి చూస్తూ కూర్చోండి. పది నిమిషాలు కాదు, గంట. లైనరు అడుగు అంచు చుట్టూ చెమట పట్టినట్టు తడి కనిపించి, ఒక బొట్టు కాగితం మీద పడితే లైనరు కింది రబ్బరు రింగులు పోయాయని అర్థం. అడుగు పొడిగా ఉండి, నాజిల్ (సిలిండరులోకి డీజిల్ చిమ్మేది) తీసి ఆ రంధ్రంలోంచి చూస్తే పిస్టన్ తల మీద నీళ్ళు కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్‌లో పగులో. రెండు చోట్లా పొడిగానే ఉంటే నీళ్ళు సైలెన్సర్ దారిన వెనక్కి వచ్చి ఉండాలి. ఆ మూడో దారిని కూడా కొట్టిపారేయవద్దు. మీ రెండో ఫొటోలో పొగ గొట్టం ఇంజన్ నుంచి నేరుగా కిందికి దిగి, పడవ పక్క రేకులోంచి నీటి మట్టానికి జానెడు పైన బయటికి వస్తోంది. పది మంది ఎక్కితే ఆ జానెడు ఎక్కడ మిగులుతుంది? మునిగిన గొట్టంతో ఇంజన్ ఆపితే నీళ్ళు నేరుగా ఎగ్జాస్టు వాల్వు దగ్గరికి వస్తాయి. ఆ వాల్వు సీటు మీద తుప్పు గీత ఉంటే ఇదే కారణం.

తెల్ల పొగలోనూ రెండు రకాలున్నాయి. కళ్ళు మండుతూ డీజిల్ వాసన వస్తే అది కాలని ఇంధనం, అంటే కంప్రెషన్ తక్కువ లేదా నాజిల్ సరిగా కొట్టడం లేదు. పెద్దగా వాసన లేకుండా గాలిలో కలిసిపోతే అది ఆవిరి. మీకు రెండూ ఉన్నట్టున్నాయి.

ఈ జాగ్రత్త నాకు ఎక్కడ అలవడిందో చెప్తాను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాత ఊరిని ముంచేశాయి. నీళ్ళు తీశాక వారాల తరబడి షెడ్డు ముందు మునిగిన ఇంజన్లూ మోటార్లూ వరుస కట్టాయి. ఒక రైతు తన ఇంజన్‌ను పైన కడిగించి, ఆయిల్ మార్పించి, ఇంకోచోట స్టార్ట్ చేయించాడు. సిలిండరులో మిగిలిన నీళ్ళ సంగతి అక్కడ ఎవరూ చూడలేదు. గాలి నలుగుతుంది, నీరు నలగదు. ఫ్లైవీలు వేగం అందుకున్నాక డీకంప్రెషన్ లీవరు (వాల్వు తెరిచి ఉంచి తిప్పడం తేలిక చేసేది) వదిలారు, కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కడ్డీ) విల్లులా వంగింది. ఆ రాడ్డు నా దగ్గరికి వచ్చింది, ఇప్పటికీ షెడ్డు గోడకు వేలాడుతోంది. అందుకే నీళ్ళు తాగిన ఇంజన్ ఏదైనా ముందు నాజిల్ తీసి, చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పాలి. లోపల నీళ్ళుంటే ఆ రంధ్రంలోంచి చిమ్ముకొస్తాయి. తిప్పేటప్పుడు ముఖం అటు పెట్టవద్దు. మీ ఇంజన్ దించి మూడు వారాలైందన్నారు. ఈ పరీక్ష వచ్చే ఆదివారానికి పెట్టకండి, లోపల నీళ్ళుంటే తుప్పు ప్రతి రోజూ లైనరును తింటూనే ఉంటుంది.

ఇక విప్పడం. ఇంజన్‌ను ఇంటి దూలానికో రేకుల షెడ్డు పైపుకో వేలాడదీయవద్దు. మూడు గట్టి పైపులతో ముక్కాలి కట్టి చైన్ పుల్లీ తగిలించండి. ఫ్లైవీలు ముందుగా తీసేస్తే చాలా బరువు తగ్గుతుంది. ఎత్తిన ఇంజన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి, పెట్టాల్సి వస్తే ముందు కింద చెక్క దిమ్మలు చేర్చండి. ప్రతి భాగమూ తీసే ముందు ఫొటో తీయండి. బోల్టులను అట్ట మీద అవి ఉన్న ఆకారంలోనే గుచ్చండి. హెడ్ నట్లు ఒకేసారి పూర్తిగా విప్పకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెం వదులు చేయండి. కనెక్టింగ్ రాడ్డుకూ దాని టోపీకీ ఒకే వైపున సుత్తి, పంచితో చిన్న గుర్తు పెట్టండి. ఆ టోపీ తిరగబడితే కొత్త షెల్ (లోపలి బేరింగు రేకు) వేసినా ఫలితం ఉండదు. సిలిండరు కింద సన్నని రేకులు, అంటే షిమ్ములు ఉంటే లెక్కపెట్టి, తీగకు కట్టి పెట్టండి. వాటి అవసరం తర్వాత చెప్తాను.

లైనరు బయటికి వచ్చాక అసలు చోటు కనిపిస్తుంది. లైనరు ఉన్న గూడు అడుగు భాగంలోకి వేలు పెట్టి చూడండి. నా అంచనా తప్పు కాకపోతే వేలికి ఇనుము తగలదు, మెత్తని నల్ల మట్టి తగులుతుంది. పైన సున్నం పెచ్చు, దాని కింద ఒండ్రు, మధ్యలో తుప్పు పొర. మీ ఇంపెల్లర్ పంపు కృష్ణ నీళ్ళను నేరుగా పీల్చి జాకెట్టులోకి తోసి బయటికి పంపుతుంది కదా. వరద రోజుల్లో ఆ నీళ్ళు ఏ రంగులో ఉంటాయో మీకు తెలుసు. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టిన శ్రీశైలం జలాశయం ఇప్పుడు 215 టీఎంసీల దగ్గర ఆగిపోయింది, మిగతాదంతా పూడిక. పెద్ద జలాశయాన్ని పూడ్చిన మట్టే మీ జాకెట్టునూ పూడ్చింది. నీరు మెల్లగా కదిలే చోట ఒండ్రు దిగుతుంది, జాకెట్టులో అన్నిటికంటే మెల్లగా నీరు కదిలే చోటు లైనరు అడుగే. అక్కడ నీరు తగలక లైనరు కాగుతుంది, కాగిన చోట రబ్బరు రింగులు గట్టిపడి బిగువు కోల్పోతాయి, నీళ్ళు ఆయిల్‌లోకి దిగుతాయి. పాత రింగును వేళ్ళ మధ్య వంచి చూడండి. మంచిది సాగుతుంది, మీది పుటుక్కున విరుగుతుంది. రెండేళ్ళ కిందటి మెకానిక్ కొత్త రింగులు వేశాడు, నిజమే. అడుగున ఉన్న మట్టిని తోడలేదు.

ఆ మట్టిని చెక్క పుల్లతోనూ సన్న తీగతోనూ గీకి, ఒత్తిడి నీళ్ళతో కడగండి. మిగిలే సున్నం పెచ్చుకు బాత్‌రూములు కడిగే యాసిడ్ పోయమని చాలామంది చెప్తారు. నేను వద్దంటాను, అది పెచ్చుతో పాటు ఇనుమునూ తింటుంది, సన్నబడిన చోట తూటు పొడుస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు పది లీటర్ల గోరువెచ్చని నీటికి ముప్పావు కిలో కలిపి జాకెట్టులో నింపి మూడు నాలుగు గంటలు ఉంచండి. నురగ ఆగితే పని అయినట్టు. ఇంకా పెచ్చు ఉంటే మళ్ళీ కొత్తది కలపండి. తర్వాత కొంచెం వంట సోడా కలిపిన నీళ్ళతో, ఆపైన మంచి నీళ్ళతో కడిగి, ఆరీ ఆరగానే నూనె పూయండి. కడిగిన పోత ఇనుము మన ఎండలో పది నిమిషాల్లోనే ఎర్రబడుతుంది. మరో మాట, జిడ్డు వదలడానికి కాస్టిక్ సోడా నీళ్ళు వాడితే పిస్టన్‌ను అందులో వేయకండి. అల్యూమినియంను కాస్టిక్ కరిగించేస్తుంది. పిస్టన్‌కు డీజిల్, మెత్తని బ్రష్షు చాలు.

ఇప్పుడు కొలతలు. కొలవకుండా కొనవద్దని ఇన్నేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. మీ దగ్గర బోరు గేజి ఉండదు కాబట్టి నా గురువు నేర్పిన పద్ధతి చెప్తాను. పిస్టన్ మీది పాత టాప్ రింగును లైనరు అడుగున, రింగులు ఎప్పుడూ తగలని చోట పెట్టి, పిస్టన్ తలతో నెట్టి సమంగా కూర్చోబెట్టండి. ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకుల కట్ట) రింగు నోటి సందు కొలిచి రాసుకోండి. తర్వాత అదే రింగును పై భాగంలో, టాప్ రింగు ఆగే గీతకు కొంచెం కింద పెట్టి మళ్ళీ కొలవండి. రెండు సందుల తేడాను 3.14తో భాగిస్తే లైనరు ఎంత అరిగిందో వస్తుంది. కింద 0.40, పైన 1.03 వచ్చిందనుకోండి, తేడా 0.63, అంటే పైన లైనరు 0.20 మిల్లీమీటర్లు పెద్దదైంది. అంత అరిగిన లైనరులో కొత్త రింగులు వేసినా నిలవవు, లైనరు మార్చాల్సిందే.

ఎక్కడ అరిగిందో కూడా చూడండి. పైభాగమే ఎక్కువగా అరిగి, నిలువు గీతలు పడి ఉంటే గాలితో పాటు దుమ్ము లోపలికి వెళ్ళింది. మీ ఫొటోలో ఎయిర్ క్లీనర్ ఉండాల్సిన చోట ఉత్త గొట్టం, దాని నోటికి గుడ్డ ముక్క. నీళ్ళ మీద దుమ్ము ఎక్కడిదని మీరు అనుకొని ఉండవచ్చు. సంగమేశ్వరాలయం బయటపడే వేసవి రోజుల్లో నీరు తగ్గి, ఒడ్డు కిలోమీటర్ల మేర ఎండిన ఒండ్రు మైదానమైపోతుంది, గాలి లేస్తే ఆ పిండి అంతా నీళ్ళ మీదికే వస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ పెట్టి, గిన్నెలో గుర్తు వరకు ఆయిల్ పోసి, వేసవిలో వారానికోసారి మార్చండి. కిట్టు ఖరీదులో అది ఎన్నో వంతూ కాదు. లైనరు ఒక పక్కనే, పైన ఒక వైపు, కింద ఎదురు వైపు అరిగి మెరుస్తుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిందని అనుమానించండి. నీళ్ళు తాగిన ఇంజన్ కాబట్టి రాడ్డును షాపులో సరిచూపించడం ఎలాగూ తప్పదు.

హెడ్ మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద 0.05 ఫీలర్ దూరుతుందేమో నాలుగు వైపులా, మూలమూలలకూ చూడండి. దూరితే లేత్ షాపులో తీయించాలి. తీయించాక వాల్వులు హెడ్ ముఖానికి ఎంత లోతులో ఉన్నాయో మళ్ళీ కొలిపించండి. వాల్వుల గ్రైండింగ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. పేస్టు పూసి అరచేతుల మధ్య పుల్లను కవ్వంలా తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి చోటు మారుస్తూ, సీటు చుట్టూ సన్నటి మాసిన బూడిద రంగు పట్టీ తెగకుండా వచ్చేదాకా తిప్పండి. పేస్టు చివరి రవ్వ వరకు కడిగి, వాల్వులు స్ప్రింగులతో కూర్చి, హెడ్‌ను వాల్వులు కిందికి ఉండేలా దిమ్మల మీద పెట్టి, పోర్టుల్లో డీజిల్ పోసి పది నిమిషాలు చూడండి. కింద తడి కనిపించకపోతే మీ చేతి పని బాగున్నట్టే.

షాపుకు పంపాల్సినవి ఇవి: క్రాంకు కొలత, అవసరమైతే గ్రైండింగ్, రాడ్డు సరిచూడడం, నాజిల్, ఫ్యూయల్ పంపు. క్రాంకు జర్నల్ (షెల్స్ మధ్య తిరిగే భాగం) కోలగా అరిగితే 0.25, 0.50 అంచెలుగా తీసి, అదే సైజు షెల్స్ వేస్తారు. కల్లూరు ఎస్టేట్‌కు తెచ్చుకుంటే ఒక్క రోజులో అయిపోయే పనులివి. క్రాంకు చేతికి రాగానే ఆయిల్ రంధ్రాల్లోకి తీగ, డీజిల్ పంపి కడగండి. గ్రైండింగ్ పొడి అక్కడే దాక్కుంటుంది, కొత్త షెల్స్‌ను తినేది అదే. ఫ్యూయల్ పంపును మాత్రం ఇంట్లో విప్పవద్దు. అందులో ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్క, వేలి చెమట కూడా దానికి తుప్పు పట్టిస్తుంది. నాజిల్‌ను టెస్టర్ మీద చూపించండి. ఈ తరహా ఇంజన్లకు 200 బార్ల దగ్గర పొగమంచులా చిమ్మాలి, ఆగాక మొన మీద బొట్టు నిలవకూడదు. చిమ్మే నాజిల్ ముందు చెయ్యి పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళ్తుంది. సూది పోటంత గుర్తు కూడా సాయంత్రానికి వేలు పోయేంత ప్రమాదం. ఎవరికైనా అలా జరిగితే నొప్పి లేదని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కూర్చేటప్పుడు ఒకే విషయంలో నేను మొండిగా ఉంటాను. కనెక్టింగ్ రాడ్డు బోల్టులు, హెడ్ గ్యాస్కెట్టు, లైనరు రబ్బరు రింగులు, ఈ మూడూ పాతవి మళ్ళీ వాడకండి. రబ్బరు రింగులకు గ్రీజు కాదు, సబ్బు నీళ్ళు రాయండి. లైనరును మెలి తిప్పకుండా సమంగా నొక్కి దించండి. దించాక రింగు నలిగి పొట్టు పైకి వచ్చిందేమో చూడండి, వస్తే తీసి కొత్తది వేయాల్సిందే. ఆపైన హెడ్ వేయక ముందే లైనరు పై అంచును పట్టీ, బోల్టులతో బిగించి పట్టి, మొదట చెప్పిన నీటి పరీక్ష మరోసారి చేయండి. ఇప్పుడు బొట్టు పడితే గంట పని, పడవలో పడితే మొత్తం పని.

పిస్టన్ రింగు నోరు కొత్త లైనరులో 0.30 నుంచి 0.40 మధ్య ఉండేలా చూసుకోండి. తక్కువైతే సన్న ఆకురాయితో తీయండి, లేకపోతే వేడికి రింగు చివరలు కలిసి విరుగుతుంది. రింగుల నోళ్ళు ఒకే వరసలో రాకుండా చుట్టూ పంచండి. బోల్టులు ఊహ మీద కాకుండా టార్క్ రెంచితో, మూడు విడతల్లో, ఎదురెదురుగా బిగించండి. టార్క్, టాపెట్ (వాల్వును తెరిచే భాగం) సందు అంకెలు మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నవే తీసుకోండి, నాతో సహా ఎవరి నోటి మాటా వద్దు.

షిమ్ముల సంగతి ఇక్కడ వస్తుంది. పిస్టన్ తలకూ హెడ్‌కూ మధ్య సందును బంపింగ్ క్లియరెన్స్ అంటాం. పిస్టన్ తల మీద చదునైన చోట రెండు వైపులా మెత్తని సీసపు తీగ ముక్కలు గ్రీజుతో అంటించి, హెడ్ పూర్తిగా బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, విప్పి, నలిగిన తీగ మందం కొలవండి. ఈ సైజు ఇంజన్లలో నేను చూసింది ఒక మిల్లీమీటరుకు అటూఇటూ, మీ పుస్తకంలోని అంకెకు షిమ్ములతో సరిచేయండి. సందు ఎక్కువైతే కంప్రెషన్ పడిపోయి పొద్దున్నే మీరు పడుతున్న పాటే మళ్ళీ వస్తుంది. తక్కువైతే పిస్టన్ హెడ్‌ను తాకుతుంది.

ఇంజెక్షన్ టైమింగ్ కూడా ఇంట్లోనే చూసుకోవచ్చు. 80 బోరు, 110 స్ట్రోకు, 1500 ఆర్‌పీఎం ఇంజన్లలో బాగా వాడుకలో ఉన్న రకానికి పిస్టన్ పైకి చేరే ముందు 23 డిగ్రీలు. మీ ప్లేటు మీద వేరే అంకె ఉంటే అదే తీసుకోండి. ఫ్లైవీలు చుట్టూ టేపు చుట్టి కొలవండి. 1260 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే, 360తో భాగిస్తే డిగ్రీకి 3.5, దాన్ని 23తో గుణిస్తే 80.5. పైచావు గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకి చేరినప్పటి గుర్తు) నుంచి తిరిగే దిక్కుకు ముందు వైపు అంత దూరంలో సుద్దతో గీత గీయండి. పంపు పైపు విప్పి, మెల్లగా తిప్పుతూ, గొట్టం నోట్లో డీజిల్ కదలడం మొదలయ్యే క్షణాన ఆ గీత ముల్లు దగ్గర ఉండాలి.

ఇన్ని చేసినా, ఆ ఒండ్రు నీళ్ళనే మళ్ళీ జాకెట్టులోకి పంపితే మూడో ఏడు మీరు ఇదే ప్రశ్నతో వస్తారు. నా సలహా ఏమిటంటే, నది నీళ్ళను ఇంజన్‌లోకి రానివ్వకండి. పడవ అడుగున బయటి వైపు, వెన్ను పక్కగా ఇనుప ఛానెల్‌ను బోర్లించి రెండు వైపులా నీరు కారకుండా వెల్డింగ్ చేయించండి. ఇంజన్ నుంచి వేడి నీరు ఒక చివర లోపలికి వెళ్ళి, నది నీటికి తన వేడి ఇచ్చి, రెండో చివర నుంచి తిరిగి ఇంజన్‌కు రావాలి. తిరిగేది ఎప్పుడూ అదే శుభ్రమైన నీరు. పైన ఒక చిన్న ట్యాంకు, దానికి మూత, లోపల కూలెంట్ కలిపిన ఆర్‌ఓ నీరు. మన బోరు నీళ్ళు వద్దు, సున్నం మళ్ళీ మొదలవుతుంది. డీజిల్ ఇంజన్‌లో కాలిన ఇంధనపు వేడిలో ఇంచుమించు మూడో వంతు పనికి, మూడో వంతు నీటికి, మిగతాది పొగకూ గాలికీ పోతుంది. కాబట్టి మీ 5 హెచ్‌పీ ఇంజన్ పూర్తి బరువు మీద నీటిలోకి సుమారు 4 కిలోవాట్ల వేడి వదులుతుంది. నేను ఇలా కట్టించిన రెండు పడవలకు 6 మీటర్ల ఛానెల్ సరిపోయింది, మే నెల మధ్యాహ్నం కూడా బయటికొచ్చే నీరు 80 డిగ్రీలు దాటలేదు. కొందరు రాగి గొట్టం వేయమంటారు. ఇనుప పడవకు రాగి వద్దు, రెండు లోహాలూ నీటిలో కలిస్తే తినేది మీ రేకునే. ఇంకొకటి, తుప్పు రేకును వదిలి తన్ను తినేలా సముద్రపు పడవలకు పెట్టే జింకు దిమ్మ మంచినీటిలో సరిగా పనిచేయదు. మనకు మెగ్నీషియం దిమ్మ పెట్టాలి, దానికి రంగు వేయకూడదు.

పొగ గొట్టాన్ని ముందు పైకి ఎత్తి, బాతు మెడలా వంచి, నిండు బరువుతో ఉన్న పడవ నీటి మట్టానికి బాగా పైన బయటికి తీయండి. పడవ లోపల ఉన్న గొట్టమంతటికీ వేడి తగలని గుడ్డ పట్టీ చుట్టండి, పిల్లల చేతులు తగిలే ఎత్తులో ఉంటుంది అది.

మొదటిసారి ఆడించడం ఇంట్లోనే, నేలకు గట్టిగా బిగించిన చట్రం మీద చేయండి. చల్లబడడానికి 200 లీటర్ల డ్రమ్ము నీళ్ళతో కలపండి. ముందు డీకంప్రెషన్ లీవరు ఎత్తి, ఇంధనం ఆపి, ఆయిల్ పైకి చేరేదాకా చేత్తో తిప్పండి. పక్కన గాలి గొట్టం నోటిని మూసేంత చెక్క పలక పెట్టుకోండి. గవర్నర్ (ఇంజన్ వేగాన్ని అదుపు చేసేది) లింకు తప్పుగా కూర్చి ఉంటే కొత్తగా కట్టిన డీజిల్ ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తుతుంది, అప్పుడు దాన్ని ఆపేది ఆ పలకే. అరచెయ్యి ఎప్పుడూ అడ్డం పెట్టవద్దు. పావుగంట ఖాళీగా ఆడించి, ఆపి, చల్లారాక హెడ్ నట్లు, టాపెట్లు మళ్ళీ చూడండి. ఆ తర్వాత గంటల తరబడి ఖాళీగా తిప్పవద్దు. బరువు లేకుండా తిరిగితే లైనరు అద్దంలా మెరిసిపోతుంది, రింగులు పట్టవు, ఆయిల్ తాగడం మొదలవుతుంది. సగం బరువుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచండి. మొదటి ఆయిల్ 25 గంటలకు దించేసి, ఆ ఆయిల్‌ను తెల్ల గిన్నెలో పోసి రాత్రంతా ఉంచి, అడుగున ఏం దిగిందో చూడండి.

రంగు గురించి మీరు అడిగిందే చివరికి వచ్చింది, కానీ చిన్న విషయమని కాదు. శుభ్రంగా, లేత రంగులో ఉన్న ఇంజన్ తన జబ్బును మొదటి రోజే చూపిస్తుంది. నల్లగా జిడ్డు పట్టిన ఇంజన్ మీద ఆయిల్ కారినా నెల రోజులకు గానీ తెలియదు. అందుకే ముదురు ఆకుపచ్చ, నలుపు వద్దు, లేత బూడిద రంగు వేయండి. నీటి మరక ఎర్రగా, ఆయిల్ నల్లగా, డీజిల్ తడిగా మెరుస్తూ వేర్వేరుగా కనిపిస్తాయి. కూర్చే ముందు విడి భాగాలకు తీగ బ్రష్షు కొట్టి, జిడ్డంతా కడిగి, థిన్నరు గుడ్డతో తుడిచి ప్రైమరు వేయండి. ఆడించి, ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాక పై రంగు వేయండి. గ్యాస్కెట్టు ముఖాలు, మరలు, రబ్బరు గొట్టాలు, గవర్నర్ కీళ్ళు, పంపు ర్యాకు (డీజిల్ ఎంత వెళ్ళాలో సరిచేసే కడ్డీ) రంగు నుంచి కాపాడాలి, ఎండిన రంగు ర్యాకును పట్టేస్తే పైన చెప్పిన పరుగే. నెంబరు ప్లేటు మీద పలుచగా గ్రీజు రాసి రంగు వేస్తే, ఆరాక గుడ్డతో తుడవగానే అక్షరాలు బయటికి వస్తాయి. ఎగ్జాస్టుకు మాత్రం వేడి తట్టుకునే వెండి రంగే వేయాలి, మామూలు ఎనామిల్ మొదటి గంటలోనే పొక్కులు లేచి పొగ చిమ్ముతుంది. ఈ ఎండల్లో పగలు వేస్తే రంగు పరుచుకోక ముందే ఆరిపోయి నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎనిమిది లోపు ముగించండి. రెండు పలుచని పూతలు చాలు.

పడవలో ఎక్కించాక ఒక పని ఒడ్డు మీద చేయకూడదు. ఇంజన్ కప్లింగునూ (షాఫ్టులను కలిపే బిళ్ళ) నీటిలో పడవను నెట్టే ఫ్యాను షాఫ్టు కప్లింగునూ సరిపెట్టడం. ఎండిన ఒండ్రు మీద కూర్చున్న రేకు పడవ ఒక ఆకారంలో ఉంటుంది, నీటిలో తేలితే ఇంకో ఆకారం తీసుకుంటుంది. పడవను నీటిలోకి దించి, ఎప్పుడూ వేసే బరువు వేసి, ఒక రోజు వదిలేయండి. తర్వాత రెండు కప్లింగుల మధ్య పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్లా ఫీలర్ పెట్టి చూడండి. నాలుగు అంగుళాల కప్లింగు అయితే తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే ఇంజన్ కాళ్ళ కింద రేకులు మార్చి మళ్ళీ కొలవండి. జలాశయం నిండినప్పుడు ఒకసారి, వేసవిలో పడవ బురదలో కూర్చొని లేచాక ఒకసారి, ఏడాదికి రెండుసార్లు చూడండి. షాఫ్టు గ్లాండును (షాఫ్టు పడవలోంచి బయటికి వెళ్ళే చోట నీరు ఆపే బిగింపు) చుక్క కారకుండా బిగించాలని చూడకండి. తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు బొట్లు పడాలి, ఆ నీరే దానికి చలువ. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటే సరే. కాలుతుంటే నట్టు పావు చుట్టు వదలండి.

ముందుగా నీటి పరీక్ష చేసి, కాగితం మీద బొట్టు ఎక్కడ పడిందో ఫొటో పెట్టండి. రింగు సందుల రెండు అంకెలు కూడా రాయండి. కిట్టు సైజు వాటిని చూశాకే చెప్తాను.